యాసిడక్క ముక్కు

జనవరి 8, సోమవారం

కాలేజీ తెరిచారు. జ్వరం తగ్గి మూడు వారాలైంది, ఇంక కుంటిసాకులు చెప్పడానికి లేదు, వెళ్ళాను. ల్యాబులో బల్లల మీద దుమ్ము వేలితో పేరు రాసుకునేంత ఉంది. తుడిచి, సింకులు కడిగి, బీకర్లు బోర్లించేసరికి నడుం పడిపోయింది. ముక్కు ఇంకా దిబ్బడగానే ఉంది. జలుబు మొండిది. నాలుగు రోజులు ఆవిరి పడితే అదే దారికొస్తుంది.

యాసిడ్ బీరువా తలుపు తియ్యగానే ఇన్నేళ్ళూ మొహం మీద కొట్టే ఘాటు ఇవాళ కొట్టలేదు. సీసాల మూతలు గట్టిగా బిగించి వెళ్ళానన్నమాట. మంచిదే.

జనవరి 11

చెల్లితో పోట్లాట. తప్పు దానిదే.

మా ఆయన చొక్కా ఒకటి ఇనప్పెట్టెలో అడుగున దాచుకున్నాను. నీలం గీతలది, జేబు కింద యాసిడ్ పడి ఏడు చిల్లులున్నది. ఆయన పోయి పదకొండేళ్ళైనా దాన్ని ఉతకలేదు. మనసు బాగాలేనప్పుడు తీసి మొహానికి ఆనించుకుంటాను. ఆయన పనిచేసిన అచ్చు బ్లాకుల షాపు వాసనంతా అందులో ఉంటుంది. ఇవాళ తీశాను. ఏమీ లేదు. కొత్తగా తానులోంచి చించిన గుడ్డలాగా ఉంది.

"ఎవరు ఉతికారే దీన్ని?" అని అరిచాను.

చెల్లి కుట్టుమిషను ఆపి వచ్చింది. "నేను ముట్టుకోలేదక్కా. ఒట్టు."

"ఇంట్లో ఉన్నది మనమిద్దరం. నేను ఉతకలేదు. మరి దానంతటదే వెళ్ళి సబ్బు రాసుకుందా?"

"పెట్టె తాళం నీ మెళ్ళోనే ఉందిగా!"

నిజమే, తాళం నా గొలుసుకే ఉంటుంది. అయినా సరే. నేను స్నానానికి వెళ్ళినప్పుడు తీసి ఉండొచ్చు. శుభ్రం పిచ్చి దానికి మొదట్నుంచీ ఉంది. దుఃఖం ఆగలేదు. ఒక మనిషిని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

జనవరి 12

చెల్లి మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. కుట్టుమిషను ఒక్కటే మాట్లాడుతోంది.

జనవరి 17

మేడం మళ్ళీ లేబుళ్ళ పాట ఎత్తుకుంది. కెమిస్ట్రీకి హెడ్డు ఆవిడ, వచ్చి రెండేళ్ళైంది. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, పట్టుదలలో ఇరవై ఏళ్ళు పెద్ద.

"అక్కా, పక్క అరలో సగం సీసాలకి లేబుళ్ళు లేవు. పేర్లు రాసి అంటించండి, మీకు పుణ్యముంటుంది."

"రాస్తాను మేడం" అన్నాను. రాయను. ఎందుకు రాయాలి? ఆ అర యాసిడ్ బీరువా పక్కనే ఉంది. ఆవిరికి ఆరు నెలల్లో సిరా పాలిపోతుంది, ఏడాదిలో కాగితం పొడిపొడిగా రాలిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే ఆ సీసాలకి లేబుల్ని. మూత తీసి, సీసా దూరంగా పట్టుకుని, రెండో చేత్తో గాలి మెల్లిగా ఇటు తోసుకుంటే చాలు, ఏది ఏదో చెప్పేస్తాను. అసలు వాసనే లేనివాటిని చేతిలో బరువుని బట్టి చెప్తాను. పిల్లలు ఊరికే పెట్టారా యాసిడక్క అని పేరు? ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చిన పొడి ఏ ఉప్పో తేల్చుకోలేక ఏ పిల్ల అయినా బెంబేలు పడి గొట్టం నా దగ్గరికి తెస్తే, ఒక్కసారి గాలి తోసుకుని చూసి, "నీకేమనిపించింది? ఆ, అదే రాయి" అంటాను. ఉప్పు పేరు చెప్పను. అది తప్పు. భయం మాత్రం తీస్తాను.

ఈ విద్య అప్పటి కెమిస్ట్రీ హెడ్డు, పెద్దసారు నేర్పారు. నేను చేరిన రోజు తెల్ల కోటు వేసుకుని గుమ్మంలోనే ఉన్నారు. "చదువెంతమ్మా?" అన్నారు. పదో తరగతి అన్నాను. "ముక్కు బాగా పనిచేస్తుందా?" అన్నారు. పనిచేస్తుందన్నాను. "అయితే నువ్వు సగం కెమిస్టువి" అన్నారు. అంత గొప్ప మాట నన్ను ఎవరూ అనలేదు అప్పటిదాకా. ఇంటికెళ్ళి అద్దంలో ముక్కు చూసుకున్నాను.

ఏడాది మొదటి క్లాసులో ఆయన బోర్డు మీద యాసిడ్ అని ఒక్క మాట రాసి, చాక్‌పీసు పిల్లల వైపు చూపించేవారు. "దీనికి మీ ఇంట్లో అర్థమేమిటో చెప్పండి. పుస్తకంలోది వద్దు." ఇంక చూడాలి. బాత్రూం కడిగేది అని ఒకరు. మా నాన్న బ్యాటరీల్లో పోసేది అని ఒకరు. మా తాతయ్యకి తిన్నది అరక్క గుండెల్లో మండేది. మా అత్తయ్య నోట్లో ఉండేది, దానికి క్లాసంతా ఘొల్లుమనేది. ఒకసారి వెనక బెంచీలో ఒక పిల్ల, "పేపర్లో చదివితే భయమేసేది సార్" అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. బీరువాకి తాళం, వాడకానికి రిజిస్టరు ఆ ఏడాదే వచ్చాయి. ఆయన అన్నీ బోర్డు మీద రాసేవారు, ఒక్కటీ కొట్టేసేవారు కాదు. "మొదట ఈ మాటకి పులుపని తప్ప ఇంకో అర్థం లేదు. మన ఆమ్లం కూడా అంతే, పులుపే. ఎక్కడ బయల్దేరి ఎక్కడెక్కడ తిరుగుతోందో చూడండి" అనేవారు. ఒక ఏడాది గొట్టాల స్టాండు పట్టుకుని వెనక నిలబడ్డ నన్నూ అడిగారు. "నువ్వు చెప్పమ్మా, నీకు యాసిడంటే ఏమిటి?"

"నాకు ఉద్యోగం సార్" అన్నాను.

అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. అదీ బోర్డు మీద రాశారు.

జనవరి 22

పాలు మాడాయి. నేను పొయ్యి ముందే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. చెల్లి మిషను గదిలోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. గిన్నె నల్లగా అయిపోయింది, వంటింటి నిండా పొగ.

"నీకు వాసన రాలేదా అక్కా?" అంది. పది రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"ఏదో ఆలోచనలో ఉన్నానే."

అది నా వంక చూసి ఏదో అనబోయి మానేసింది. గిన్నె తీసుకుని తోముతూ కూర్చుంది.

నిజంగానే ఆలోచనలో ఉన్నాను.

జనవరి 23

ఏం ఆలోచనో రాయాలిగా. మా ఆయన గురించే.

కాలేజీ పత్రికలో బొమ్మలు అచ్చు వెయ్యడానికి జింకు బ్లాకులు ఆయన పనిచేసే షాపులో చేసేవారు. ఒకసారి వాళ్ళ దగ్గర నైట్రిక్ యాసిడ్ అయిపోతే ప్రిన్సిపాల్ దగ్గర చీటీ రాయించుకుని ల్యాబుకొచ్చాడు. పెద్దసారు ఒక సీసా ఇమ్మన్నారు. ఇచ్చాను. మహానుభావుడు దాన్ని మెడ పట్టుకుని ఊపుకుంటూ బయల్దేరాడు.

"ఏమండీ! అది కల్లోనైనా చెయ్యకూడని పని. అడుగున చెయ్యి వేసి పట్టుకోవాలి. మెడ పట్టుకుని మోస్తారా ఎవరైనా?" అని కేకేశాను.

"మెడ పట్టుకుని గెంటడం మాత్రం మీకు బాగా వచ్చినట్టుందే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అయినా అతని వేళ్ళు చూశాను. చివర్లన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. నైట్రిక్ మరక అది, కడిగితే పోదు, తోలు ఊడి కొత్తది రావాల్సిందే. మళ్ళీ వారం వచ్చాడు. అప్పుడు అడుగున చెయ్యి వేసి పట్టుకున్నాడు, నేను చూస్తున్నానో లేదో చూసుకుంటూ. ఆ మరుసటి వారం షాపులో యాసిడ్ నిండుగా ఉంది, అయినా వచ్చాడు.

పెళ్ళయ్యాక షాపుకి వెళ్ళేదాన్ని. వాళ్ళు దాన్ని యాసిడ్ అనరు, నీళ్ళు అంటారు. జింకు రేకు మీద బొమ్మ ఉన్నంత మేర మందు పట్టించి, పళ్ళెంలో పెట్టి, నీళ్ళు పోసి పళ్ళెం అటూ ఇటూ ఊపేవాడు, పసిపిల్లని ఊయల్లో ఊపినట్టు. మందు లేనిచోటల్లా నీళ్ళు రేకుని తినేస్తాయి, బొమ్మ పైకి నిలబడుతుంది. "అన్నీ తినేది యాసిడంటారు గానీ, ఉంచేది చూడరే" అనేవాడు. గోధుమరంగు పొగ, కాలిన రేకు, తడి జింకు, ఆ వాసన వేసుకుని ఇంటికొచ్చేవాడు. ఉతికిన ప్రతిసారీ చొక్కాకి రెండు కొత్త చిల్లులు. చెల్లి రఫ్ఫు చేసేది, "బావా, ఇంక ఇందులో నా దారమే ఎక్కువుంది, చొక్కా నాదే" అనేది.

కంప్యూటర్లొచ్చి బ్లాకులు పోయాయి. ఆయన తర్వాత బైండింగు పని చేశాడు. వాసన మాత్రం పోలేదు. జిగురు వాసన కింద నుంచి అదే వచ్చేది.

జనవరి 30

డాక్టరు దగ్గరికెళ్ళాను. ముక్కు గురించి కాదు. గుండెల్లో మంట. ఏది తిన్నా చప్పగా ఉందని కారం గుమ్మరించుకుంటున్నాను కదా, ఆ దెబ్బ. "కడుపులో యాసిడ్ ఎక్కువైంది" అన్నాడు. నవ్వొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను, ఏ సందున దూరిందో. మాత్రలు రాశాడు. "ఇంకేమైనా ఇబ్బందా?" అన్నాడు.

"అబ్బే, ఏమీ లేదు" అన్నాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

చెల్లి బజారుకెళ్ళింది. తలుపు గడియ పెట్టి సబ్బు వాసన చూశాను. రాలేదు. కిరోసిన్. రాలేదు. ఉల్లిపాయ కోశాను, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ వాసన లేదు. నాఫ్తలీన్ ఉండలు, నా చెప్పులు, చెల్లి తల నూనె. గడపలో కూర్చుని గోడకి ముక్కు ఆనించాను, సున్నం వాసనైనా వస్తుందేమోనని.

పౌడరు కొంచెం వచ్చినట్టనిపించింది. రెండోసారి రాలేదు. మూడోసారి చూడలేదు.

ఫిబ్రవరి 6

చెప్తే ఏమవుతుంది? యాసిడ్ వాడే ల్యాబులో పనిచేసేవాళ్ళు ఏటా ఆరోగ్యం బాగుందని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆవిరి లీకైతే ముందు పసిగట్టాల్సింది నేనే. ముక్కు పనిచెయ్యని మనిషిని ల్యాబులో ఎవరుంచుతారు? ఆఫీసులో కవర్లు అంటించే సీటుకి పంపిస్తారు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. పద్నాలుగు నెలలు కవర్లు అంటిస్తూ, యాసిడక్కా అని పిలిచేవాళ్ళు లేకుండా, ఆ మెట్లు దిగిపోవాలి. నావల్ల కాదు.

అయినా ముక్కు లేకపోతే దారే లేదా? ఇవాళ నేనే ఒకటి కనిపెట్టాను. అంటే పిల్లలకి నేర్పేదే, నా అవసరానికి వాడుకున్నాను. గాజు పుల్ల అమ్మోనియాలో ముంచి సీసా మూతి దగ్గర పట్టాను. తెల్ల పొగ లేచింది. ఇది హైడ్రోక్లోరిక్. పక్కదాంట్లోంచి చిన్న రాగి ముక్క మీద చుక్క వేస్తే గోధుమరంగు పొగ. ఇది నైట్రిక్. యాసిడ్ సీసాలన్నీ వరస పెట్టేశాను. కళ్ళుండగా ముక్కెందుకు?

ఉప్పుల సీసాలున్న పక్క అర మిగిలింది. అవన్నీ తెల్ల పొడులే. వాటి చోట్లు నాకు గుర్తే.

ఫిబ్రవరి 13

సందేహాల పిల్ల ఇవాళా సాయంత్రం దాకా ల్యాబులోనే ఉంది. రోజుకి నలభై ప్రశ్నలడుగుతుంది, అందుకే ఆ పేరు పెట్టాను. బ్యాటరీ షాపాయన కూతురు. కెమిస్ట్రీయే చదువుతానంటుంది, ఇంకోటి ముట్టుకోనంటుంది. అందరూ యాసిడ్ పోసి పొగ చూసి పరిగెడతారు, ఈ పిల్ల నిలబడి, చేత్తో గాలి తోసుకుని, కళ్ళు మూసుకుని చూస్తుంది. అచ్చం పెద్దసారు నాకు నేర్పినట్టే.

"అక్కా, కెమిస్టుకి కావాల్సింది బుర్రా, ముక్కా?" అంది.

"రెండూ ఉంటే లెక్చరరు, ఒకటే ఉంటే అటెండరు" అన్నాను.

"మీకు రెండూ ఉన్నాయిగా!" అంది.

గొట్టాలు కడిగే పని పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 19

రేపే ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి లిస్టు ప్రకారం ఉప్పుల పొట్లాలు కట్టాను. ఇరవై పొట్లాలు, ఇరవై నంబర్లు. ఏ నంబరులో ఏ ఉప్పుందో పరీక్షకుడికీ మేడంకీ నాకూ తప్ప తెలియదు. అమ్మోనియం క్లోరైడ్ ఒక్క పొట్లమే. ఆ సీసాలో పొడి కాస్త చెమ్మ పట్టి ఉండలు కట్టింది. ఇదివరకు అలా ఉండేది కాదు. మూత సరిగా లేదేమో. నలిపి కట్టేశాను.

ఫిబ్రవరి 20

పరీక్ష అయింది. సందేహాల పిల్లకి అమ్మోనియం క్లోరైడ్ పొట్లం పడింది. తేలిక ఉప్పే, నాకు సంతోషమేసింది. పది నిమిషాలయ్యాక గొట్టం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. పల్చటి సల్ఫ్యూరిక్ పోసి వేడి చేసినట్టుంది.

"అక్కా, వెనిగర్ వాసన వస్తోంది కదూ? ఎసిటేటేనా?"

గాలి తోసుకుని చూశాను. చూసినట్టు చేశాను.

"ఏమీ రావడం లేదే. ఇంకోసారి చెయ్యి" అన్నాను.

ఇంకోసారి చేసింది. మళ్ళీ తెచ్చింది. "ఇప్పుడు?"

"లేదమ్మా. కంగారు పడకు. మిగతా పరీక్షలు కూడా చెయ్యి."

నా మొహంలోకి అలా చూసింది. వెళ్ళి చాలాసేపు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. చివరికి అమ్మోనియం ఎసిటేట్ అని రాసింది. లిస్టు ప్రకారం తప్పు. ఉప్పుకున్న మార్కులన్నీ పోయాయి. పరీక్షకుడు ఎర్ర సిరాతో గీత కొడుతుంటే చూశాను.

జాలేసింది. పరీక్ష భయానికి లేని వాసనలు వస్తాయి.

ఫిబ్రవరి 21

కారిడార్లో ఏడుస్తూ కనిపించింది. పక్కన స్నేహితురాలు "ఒక్క ఉప్పేగా" అని ఓదారుస్తోంది. "మార్కులు కాదే. నాకు వచ్చింది. గట్టిగా వచ్చింది. యాసిడక్కకి రాలేదంటే నాకు వచ్చింది ఏమిటి మరి? నా ముక్కు నమ్మడానికి లేదంటే నేను కెమిస్ట్రీ ఏం చదువుతాను?" అంటోంది.

నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. నేను స్టోరు తాళాలు వెతుక్కుంటున్నట్టు పక్కకి తిరిగిపోయాను.

పరీక్ష భయమే. మరేమీ కాదు.

ఫిబ్రవరి 22

పరీక్ష భయమే అని నాలుగుసార్లు అనుకుని కాలేజీకి వెళ్ళాను. ఐదోసారి అనుకోలేకపోయాను.

అందరూ వెళ్ళాక, ఉండలు కట్టిన ఆ సీసాలోంచి చిటికెడు తీసి నీళ్ళలో కలిపాను. రెండు చుక్కలు నైట్రిక్, ఆ పైన సిల్వర్ నైట్రేట్. క్లోరైడైతే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దలు కట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో కొన్ని వేలసార్లు చూశాను.

కట్టలేదు. నీళ్ళలా నీళ్ళు. గొట్టం వెలుతురుకి పట్టి చూశాను. ఇంకో గొట్టంలో చేశాను. పక్క సీసాలోది తీసి చేశాను. అది చుక్క పడగానే విరిగి తెల్లగా దిగింది.

సీసాలు తారుమారు, అమ్మోనియం క్లోరైడ్ చోట అమ్మోనియం ఎసిటేట్. సెలవుల తర్వాత తుడిచిందీ నేనే, సర్దిందీ నేనే. మూత తీస్తే రెండేళ్ళ పిల్ల కూడా చెప్తుంది, ఒకటి వెనిగర్ వాసనొస్తుంది, ఒకటి రాదు. ఆ పిల్ల చెప్పింది కూడా. రెండుసార్లు నా ముక్కు దగ్గరికి తెచ్చి మరీ చెప్పింది.

స్టూలు మీద కూర్చున్నాను. మార్కుల లిస్టు శనివారం మధ్యాహ్నం సీలు వేస్తారు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

చెల్లికి చెప్పాను. అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "నాకు వాసన రావడం లేదే. జ్వరం వచ్చినప్పటి నుంచీ. అస్సలు రావడం లేదు" అన్నాను.

"తెలుసక్కా" అంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పాలు మాడిన రోజు నుంచి. పొయ్యి దగ్గర నిన్ను ఒక్కదాన్నీ వదలడం లేదు, చూడటం లేదూ?"

నిజమే. నెల రోజులుగా నేను వంటింట్లోకి వెళ్తే దానికేదో పని పడుతోంది. దారం కావాలనో, నీళ్ళు కావాలనో వచ్చి నిలబడుతోంది. నేను విసుక్కున్నాను కూడా.

"మరి చొక్కా?" అన్నాను.

లేచి చెయ్యి కడుక్కుని, నా మెళ్ళో తాళం తీసుకుని, పెట్టె తెరిచి చొక్కా మొహానికి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"ఉందక్కా. బావ వాసన అలాగే ఉంది."

నేను పది రోజులు మాట్లాడకుండా ఉన్నాను దీంతో. చేతులు పట్టుకుని తప్పైపోయిందే అన్నాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అదే, "అన్నం చల్లారిపోతోంది, తిను. నీకెలాగూ రుచి తెలీదు, ఇవాళ ఉప్పు ఎక్కువేశాను, తెలివైనదాన్ని కదా" అంది. కొట్టబోయాను.

రేపు పొద్దున్నే మేడంతో చెప్తాను.

ఫిబ్రవరి 24, శనివారం

చెప్పాను. సగం.

మేడం గదిలో బయటి కాలేజీ పరీక్షకుడు కూడా ఉన్నారు. రెండు సీసాలూ, రెండు గొట్టాలూ బల్ల మీద పెట్టాను. "సీసాలు మారాయి మేడం. పొట్లంలో కట్టింది ఎసిటేట్. ఆ పిల్ల రాసిందే సరి. నేను చూసుకోలేదు" అన్నాను. పరీక్షకుడు సీసా మూత తీసి ఒక్కసారి చూసి, "అవును, ఎసిటేటే" అన్నారు. ఆయనకి అర క్షణం పట్టింది. మేడం మొహం ఎర్రబడింది. "లేబుళ్ళు రాయమని ఎన్నిసార్లు చెప్పానక్కా మీకు!" అంది. తల కొట్టేసినట్టయింది. అనాల్సిన మాటే అంది. పిల్లని పిలిపించింది. లిస్టులో గీత కొట్టి మార్కులు వేసి, పక్కన ఇద్దరూ సంతకాలు చేశారు.

అంతటితో అయిపోయేది. నేను చేసిన తప్పు పొరపాటు కిందికొచ్చేది. సోమవారం లేబుళ్ళు రాసుకుని, రాగి ముక్కలతో, గాజు పుల్లలతో పద్నాలుగు నెలలు నెట్టుకొచ్చేదాన్ని. మొహం కడుక్కున్నంత హాయిగా అనిపించింది ఒక్క నిమిషం.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. మార్కుల వంక చూడను కూడా లేదు.

"మరి ఆ రోజు మీకు చూపించాను కదక్కా. రెండుసార్లు. మీరు చూసి ఏమీ లేదన్నారు."

"పరీక్ష హడావిడిలో సరిగా చూడలేదమ్మా" అన్నాను.

"చూశారు. చేత్తో గాలి తోసుకుని చూశారు. నేను మీ మొహమే చూస్తున్నాను." బల్ల మీది గొట్టం వైపు వేలు చూపించింది. "నాకు వచ్చి మీకు ఎందుకు రాలేదో చెప్పండి. నాలుగు రోజుల నుంచీ కనిపించిందల్లా వాసన చూస్తున్నాను. సబ్బు, పుస్తకాలు, కిరోసిన్, మా అమ్మ తల. వస్తోందా, నేనే వస్తోందని అనుకుంటున్నానా అని. ఒకసారి వచ్చినట్టే ఉంటుంది, మళ్ళీ నమ్మకం ఉండదు. మా నాన్న షాపులో బ్యాటరీల దగ్గర కూర్చుని ఏడ్చాను."

గడియ పెట్టుకుని నేను చేసిన పనే అది. నా ముక్కు పోతే అలా చేశాను. దాని ముక్కు బాగానే ఉండగా దానిచేత అలా చేయించాను.

మేడం "మార్కులు వేశాంగా, ఇంక వెళ్ళమ్మా" అంటోంది. పరీక్షకుడు పెన్ను జేబులో పెట్టుకుంటున్నారు.

"నాకు వాసన రాదు" అన్నాను.

మేడం ఆగిపోయింది. "ఏమిటక్కా?"

"రెండు నెలల పైనే అయింది మేడం. జ్వరంతో పోయింది. యాసిడ్ రాదు, పొగ రాదు, మాడిన పాలు రావు. దాచిపెట్టాను. ల్యాబులోంచి తీసేస్తారని దాచిపెట్టాను." ఆ పైన మేడం వైపు కాదు, పిల్ల వైపు తిరిగి చెప్పాను. "ఆ రోజు నువ్వు తెచ్చినప్పుడు చూసినట్టు నటించాను తల్లీ. నీ ముక్కులో ఏ లోపమూ లేదు. లోపం నాది."

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. ఆవిడేం చెయ్యాలో ఆవిడ మొహంలోనే కనిపిస్తోంది, నాకు చెప్పక్కర్లేదు. యాసిడ్ బీరువా తాళంచెవి కొంగు ముడిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

పిల్ల నన్ను క్షమిస్తుందనీ, కావలించుకుంటుందనీ ఎందుకో అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. దానికి కోపంగా ఉంది, ఉండాలి కూడా. బల్ల మీది ఎసిటేట్ గొట్టం తీసి, దూరంగా పట్టుకుని, చేత్తో గాలి తోసుకుని, కళ్ళు మూసుకుని చూసింది. కళ్ళు తెరిచి అలవాటుగా నా వైపే తిరిగింది, అడగడానికి.

"నన్నడక్కు" అన్నాను. "నీకు వచ్చిందంటే వచ్చినట్టే."